ఊరికి ఒక్కటే చాకలి ఇల్లు

పోయిన నెల కోరుట్ల నుంచి ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. నేను రిటైరయ్యే ముందు నా దగ్గర ఎం.ఏ. చరిత్ర చదివిన పిల్ల, ఇప్పుడు పిహెచ్.డి.లో చేరింది. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"సార్, మా గైడ్ సార్ సెమినార్‌కు పొమ్మని ఒక్కటే పోరు. రెండు దినాలు ఖరాబు. గాడ ఒకలు సదువుతుంటే ఇంకొకలు కునుకుతరు. సర్టిఫికెటంటే ఇంట్ల కూసుండి ఫోన్లనే తీస్కోవచ్చు. గంత దూరం పోయి ఏం జెయ్యాలె సార్?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ పిల్ల మీద కాదు. ఆ వయసులో నేనూ అచ్చం ఇదే మాట అని ఉన్నాను. "పో బిడ్డా, పోయి తీరాలె" అన్నాను. ఎందుకు పోవాలో చెప్పమంది. ముందు చాయ్ తాగమన్నాను. చాయ్ తాగింది, వెళ్లిపోయింది, నేను మాత్రం చెప్పలేదు. చెప్పాలంటే ఒక చాకలి ఆమె గురించి చెప్పాలి. ఆమె గురించి నోరు విప్పడం నాకు ఒకసారి అచ్చిరాలేదు.

మాది సిరిసిల్ల. నాయిన చేతి మగ్గం వదిలేసి పవర్‌లూమ్ షెడ్డులో కూలికి చేరాడు. నేను హైదరాబాదులో చరిత్ర పరిశోధనకు చేరాను. జగిత్యాల చుట్టుపక్కల పల్లెల్లో దొరల మీద జరిగిన సాంఘిక బహిష్కరణ నా విషయం. వెట్టికి విసిగిన ఊళ్లు సంఘం పెట్టుకుని, దొర ఇంటికి మంగలి పోవద్దు, చాకలి పోవద్దు, నీళ్లు మోయవద్దు, పాలేరు నాగలి ముట్టవద్దు అని కట్టు చేసుకున్నాయి. నేను తిరిగేనాటికి అది జరిగి పదేళ్లయింది. ఆ పదేళ్లలో అడవిలో ఉన్నవాళ్లు, ఊళ్లలో అన్నలు అని పిలిచే ఆ పార్టీ వాళ్లు, బలపడ్డారు. పోలీసు క్యాంపులూ బలపడ్డాయి. ఎవరికి అన్నం పెట్టావని వీళ్లు, ఎవరితో మాట్లాడావని వాళ్లు. మధ్యలో ఉన్న మనిషి నోరు తెరిస్తే ఒక చిక్కు, మూస్తే ఒక చిక్కు.

నేను తిరిగిన ఊళ్లలో ఒక ఊరు ఉంది. దాని పేరు చెప్పను. పెగడపల్లి వైపు అని రాయబోయి కొట్టేశాను. గొల్లపల్లి వైపు అనుకున్నా నాకేం అభ్యంతరం లేదు. ఆ ఊరి చాకలి ఆమెకు అప్పటికి యాభై ఏళ్లుంటాయి. భర్త పోయాడు. ఒక్కతే బిడ్డ, కోరుట్లలో కాపురం, అల్లుడు దుబాయిలో. నేను ఊరికి వెళ్లినప్పుడల్లా వాగు దగ్గర ఆమె బట్టలు ఉతికే చోట చెట్టు నీడన కూర్చునేవాణ్ణి. మూడు నెలల పాటు ఆమె నాకు ఎండల గురించి, గాడిద కాలి పుండు గురించి తప్ప ఏమీ చెప్పలేదు. నాలుగో నెలలో ఒక రోజు, తడి చీర పిండుతూ, ఏమీ అడగకుండానే చెప్పింది.

బహిష్కరణ నడుస్తున్న రోజుల్లో దొర కోడలు కానుపైంది. కానుపైన ఇంట్లో ఇరవై ఒక్క రోజులు మైల. ఆ మైలబట్టలు ఇంటివాళ్లు ఉతకరు, ఉతకకూడదు. చాకలి ఆమె వచ్చి తీసుకుపోతేనే ఇల్లు శుద్ధి అవుతుంది. పుట్టుక బట్ట, చావు బట్ట కాదనకూడదని తమ కులంలో పెద్దలు కట్టిన కట్టు అని ఆమె అంది. ఊరి కట్టు ఒకటి, కులం కట్టు ఒకటి. రెండూ ఆమె నెత్తి మీదే పడ్డాయి.

"దొర మీద నాకు సుత కోపమే కొడుకా," అంది. "మా ఆయిన వీపు మీది వాతలు గిప్పటికీ నా కండ్లల్ల మెదులుతయి. గని పసిగుడ్డుకేం ఎర్క, ఏ ఇంట్ల వడ్డదో? ఇరువై ఒక్క దినాలు పెరటి దర్వాజ కాడికి పోయి తెచ్చిన. ఊరోళ్ల బట్టల మూటల అడుక్కు వెట్టిన. గా మూటలనే అన్నల బట్టలు సుత ఉండేటియి. అవ్వి వీళ్లకు ఎర్క లేదు, ఇవ్వి వాళ్లకు ఎర్క లేదు. అన్నీ గీ ఒక్క బండ మీదనే ఉతికిన."

ఆ బండను చేత్తో చూపించింది. నాకు ఒళ్లు ఝల్లుమంది. అది దుఃఖంతోనో గౌరవంతోనో అని ఇప్పుడు చెప్పుకుంటే బాగుండేది. నిజం చెప్పాలంటే, నాకు పేపరు దొరికిందని ఝల్లుమంది. ఊరంతా ఒక్కటై బహిష్కరించిందని అప్పటిదాకా రాసినవాళ్లంతా రాశారు. దొర మనవడి బట్టలూ అన్నల బట్టలూ ఒకే మూటలో మోసిన మనిషి గురించి ఎవరూ రాయలేదు. బస్సు ఎక్కగానే, మరిచిపోతానేమో అని టికెట్టు వెనక కూడా రాసుకున్నాను.

మా గైడుకు చూపిస్తే ఎగిరి గంతేసినంత పని చేశాడు. కోరుట్లలో ఒక కాలేజీలో రెండు రోజుల చరిత్ర సదస్సు ఉంది, అక్కడ చదవమన్నాడు. నేను ముఖం ముడుచుకున్నాను. శాలువాలు కప్పుకోవడానికి, పప్పన్నం తినడానికి పెట్టుకునే సభలని నా అభిప్రాయం. నేరుగా పత్రికలో అచ్చు వేయిద్దామన్నాను. అచ్చుకు తొందరేం లేదు, ముందు నలుగురి ముందు నిలబడు అన్నాడు. ఆధారం చెప్పని చరిత్ర పుకారుతో సమానమని, ప్రతి మాట కింద అది ఎవరు చెప్పారో, ఏ ఊళ్లో చెప్పారో రాయాలని మరీ మరీ చెప్పి పంపాడు.

పేరు రాయకూడదన్న తెలివి మాత్రం నాకుంది. ఊరి పేరు రాశాను. దాని పక్కన, "చాకలి వృత్తి చేసే మహిళ, సుమారు యాభై ఏళ్లు" అని రాశాను. పేరు దాచాను గనక మనిషిని దాచానని నిజంగానే నమ్మాను.

సదస్సుకు ముందు సిరిసిల్ల వెళ్లాను. నాయిన షెడ్డు బయట బీడీ వెలిగించుకుంటూ సంగతి అడిగాడు. లోపల మగ్గాల చప్పుడుకు ఇద్దరం అరిచినట్టే మాట్లాడుకున్నాం. ఊరికే పోయి రావడమే తప్ప ఏం లాభమని విసుక్కున్నాను.

"అట్లనకు," అన్నాడు. "నేసినోని కంటికి తప్పు కనవడదు కొడుకా. బట్ట తాను మడత వెట్టేటోడు వేరేటోడు ఉంటడు సూడు, గందుకే. తెగిన పోగు వాడు వట్టుకుంటడు. పోయి సూపిచ్చుకో."

నా పేపరులో తెగిన పోగు లేదని నా ధీమా. స్టెన్సిల్ మీద నా చేత్తో రాసి, జగిత్యాలలో సైక్లోస్టయిల్ చేయించాను. షాపాయన మొదటి పేజీ చదివి చేతులు వెనక్కి తీసుకున్నాడు. "గిది కరపత్రమైతే నాతోని కాదు సార్, నాకు పిల్లలున్నరు" అన్నాడు. కాలేజీ వాళ్లు పంపిన ఆహ్వానం చూపిస్తేగానీ యంత్రం తిప్పలేదు. ఒక పరాయి మనిషికి ఆ కాగితం చూడగానే అంత భయం వేసింది. నాకు మాత్రం నవ్వు వచ్చింది. నలభై కాపీలు సంకన పెట్టుకుని బస్సెక్కాను.

కోరుట్ల కాలేజీ హాల్లో నలభై యాభై మంది ఉన్నారు. చుట్టుపక్కల లెక్చరర్లు, నాలాంటి పరిశోధకులు కొందరు, చూద్దామని వచ్చిన ఊరి పెద్దమనుషులు. వెనక బెంచీల్లో ఎవరో ఏమో, ఎవరినీ ఎవరూ అడగరు. ఆ రోజుల్లో సభ అంటే ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. కాపీలు పంచి, చదివాను. బాగా చదివాను. బండ దగ్గరికి వచ్చేసరికి కునికేవాళ్లు కూడా తలలెత్తారు. చప్పట్లు కొట్టారు. ఒక పెద్ద లెక్చరర్ వర్గ చైతన్యం అంటూ ఒక పొడుగు ప్రశ్న వేశాడు, అంతకంటే పొడుగు జవాబు చెప్పాను.

అప్పుడు మూడో వరసలో ఒకామె లేచింది. నా వయసే ఉంటుంది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పరిశోధకురాలు, పొద్దున పరిచయాల్లో చెప్పింది. చేతిలో నా పేపరు చివరి పేజీ ఉంది.

"ఆ ఊళ్లో చాకళ్ల ఇళ్లు ఎన్నున్నాయండీ?" అని అడిగింది.

లెక్కలు అడుగుతోంది కాబోలు అనుకున్నాను. ఊరు నాకెంత బాగా తెలుసో చూపించుకునే అవకాశం వచ్చిందనుకున్నాను. మైకు దగ్గరికి జరిగి, గట్టిగా, "ఒక్కటే ఇల్లు" అన్నాను.

ఆమె నన్ను చూస్తూ నెమ్మదిగా కూర్చుంది. ఆమె కూర్చున్నాక నాకు అర్థమైంది. కాగితం మీద ఊరి పేరు ఉంది, కులవృత్తి ఉంది, వయసు ఉంది. ఇప్పుడు నా నోటితో నేనే మిగిలింది కూడా చెప్పేశాను. దొర ఇంటికి కట్టు తప్పి పోయిందని అన్నలకు తెలిస్తే ఒక ముద్ర. అన్నల బట్టలు ఉతికిందని పోలీసులకు తెలిస్తే ఇంకో ముద్ర. ఏ ముద్ర పడ్డా ఆ రోజుల్లో మనిషి మిగలడం కష్టం. ఎక్కడో ఢిల్లీలో చదివిన పేపరైతే వేరే మాట. కోరుట్ల నుంచి ఆ ఊరు రెండు బస్సుల దూరం.

భోజనాలకు లేచినప్పుడు ఆమె నా దగ్గరికి వచ్చింది. తన కాపీ నా చేతిలో పెట్టింది.

"నేను బయటికి పిలిచి అడగాల్సింది. తొందరపడ్డాను," అంది. "మా వైపు ఇవన్నీ మీకంటే ముందే జరిగాయి. నేను ఒక గీత కార్మికుడు చెప్పింది రాశాను. పేరు రాయలేదు. ఆ ఊళ్లో గీసేవాళ్లవి రెండే ఇళ్లు. రెండో ఇంటి ఆయన్ని తీసుకుపోయారు. ఆయన నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు, పాపం."

ఎవరు తీసుకుపోయారని నేను అడగలేదు. వెనక్కి వచ్చాడా అని కూడా అడగలేదు. మిగతా కాపీలు తెచ్చేద్దాం పదండి అంది ఆమే.

ఇద్దరం ఆ భోజనాల వరసలో తిరిగాం. తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒకాయన నా పేపరుతో విసురుకుంటున్నాడు. ఒకాయన దాన్ని మడిచి కుంటి కుర్చీ కాలు కింద పెట్టాడు. తప్పులున్నాయి, దిద్ది పంపిస్తాను అని అందరికీ అబద్ధం చెప్పాను. వర్గ చైతన్యం లెక్చరర్ ఇవ్వనన్నాడు. "చాలా బాగుందయ్యా, నా పిల్లలకు చదివి వినిపిస్త" అన్నాడు. మెచ్చుకుంటున్న మనిషి చేతిలోంచి కాగితం లాక్కోవడం ఎంత అవమానమో అప్పుడే తెలిసింది. లాక్కున్నాను. వెనక బెంచీల వాళ్లలో కొందరు భోజనానికి ఆగకుండానే వెళ్లిపోయారు. లెక్క చూస్తే ముప్పై ఏడు వచ్చాయి. బెంచీల కింద వెతికాం, వరండాలో వెతికాం. మూడు దొరకలేదు.

వచ్చినవన్నీ తీసుకుపోయి, వంట పొయ్యిలో పెట్టాను. సంచిలో పెట్టుకుని బస్సెక్కితే దారిలో తనిఖీ ఉంటుంది. వంటాయన కాగితం తడిమి చూసి, "గింత మంచి కాయితం, బజ్జీలకన్న పనికొచ్చు గద సార్" అన్నాడు. ఆ మాటకు మిగతా మూడు ఏ బజ్జీల బండి మీదికైనా పోతే బాగుండునని ఆశపడ్డాను.

రెండో రోజు సదస్సుకు ఉండలేదు. పొద్దున్నే జగిత్యాల వెళ్లి, ఇంకో బస్సు పట్టుకుని ఆ ఊరికి పోయాను. దారిలో బస్సు ఆపి సంచులు చూశారు. నా సంచిలో తువ్వాలు తప్ప ఏమీ లేదు.

ఆమె వాగులోనే ఉంది. చెట్టు కింద కూర్చోకుండా, నీళ్ల అంచున నిలబడే చెప్పాను. రాశానని, హాల్లో చదివానని, ఒకామె అడిగితే ఇల్లు ఒక్కటేనని నోరు జారానని, మూడు కాగితాలు దొరకలేదని చెప్పాను. ఆమె ఉతుకుతున్న బట్టను బండ మీద వదిలేసింది.

"నేను నీకు జెప్పిన సారూ," అంది. "కాయితానికి జెప్పలే."

నాలుగు నెలలుగా కొడుకా అని పిలిచిన మనిషి, మొదటిసారి సారూ అంది. తిట్టినా బాగుండేది. తప్పయిందవ్వా అన్నాను.

"గా అడిగినామె ఎవలు?"

ఎక్కడినుంచో వచ్చిందని, ఈ ఊరు ఎన్నడూ చూడలేదని చెప్పాను.

"సూడనామెకు తట్టింది. నాల్గు నెలల సంది గీ నీడకు కూసున్నవు, నీకెందుకు తట్టలే?" అంది. కోపంగా అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. బట్టను మళ్లీ చేతిలోకి తీసుకుని, "ఆమెనన్న తోల్కరాకపోతివి. సూద్దును ఒకసారి" అంది.

ఆ వారంలోనే గాడిదను పొరుగూరి చుట్టాలకు అప్పగించి, కోరుట్లలో బిడ్డ దగ్గరికి వెళ్లిపోయింది. వరి కోతల ముందు వెళ్లింది. చాకలి ఆమెకు ఏడాది చాకిరీకి ఊరు ఇచ్చేది కల్లం దగ్గర కొలిచే గింజలే. కల్లాల రోజుల్లో ఊళ్లో లేని మనిషికి ఎవరు కొలుస్తారు? ఎందుకు పోయిందని ఊరు ఆశ్చర్యపోయింది. బిడ్డకు ఒంట్లో బాగాలేదని ఆమె చెప్పి వెళ్లిందట. బట్టలు ఆగవు గనక ఊరు ఇంకో ఊరి నుంచి ఒక చాకలి కుటుంబాన్ని తెచ్చుకుంది. ఉగాది దాటాక ఆమె తిరిగి వచ్చేసరికి, సగం ఇళ్లు వాళ్లవైపు మళ్లాయి. ఊరికి ఒక్కటే చాకలి ఇల్లని నేను హాల్లో చెప్పిన మాట ఆ తర్వాత నిజం కాలేదు. నిజం కాకుండా చేసింది నేనే.

ఆమెను ఎవరూ ఏమీ చేయలేదు. ఎవరూ వచ్చి అడగలేదు కూడా. ఆ మూడు కాగితాలు ఎవరి ఇంట్లో చెదలు పట్టాయో నాకు ఈ రోజుకీ తెలియదు. కానీ జగిత్యాల వైపు నుంచి ఏ ఊళ్లో ఏం జరిగిందని వార్త వచ్చినా, ముందు ఊరి పేరు చూసేవాణ్ణి, తర్వాత మనిషి ఆడా మగా అని చూసేవాణ్ణి. అట్లా కొన్నేళ్లు గడిచాయి. థీసిస్‌లో ఆ భాగం రాయలేదు. ఇక్కడ వాదన బలహీనంగా ఉంది, ఆధారం లేదు అని పరీక్షకుడు రాశాడు. గైడు కూడా కోప్పడ్డాడు. ఆ శ్రీకాకుళం ఆమెతో కొన్నాళ్లు ఉత్తరాలు నడిచాయి. రాసే ముందు ఎన్ని ఇళ్లు అని ఒకరినొకరం అడిగేవాళ్లం.

అందుకే ఆ పిల్లను సదస్సుకు పొమ్మంటాను. గైడుకు నీ విషయం తెలుసు, నీకు నీ ఊరు తెలుసు. తెలిసినవాళ్లమిద్దరమూ కలిసి ఒక మనిషిని నిప్పుల్లోకి తోస్తూ, ఆధారం బాగుందని మురిసిపోయాం. ఆ ఊరు చూడని మనిషి ఒకామె, తన తప్పు ఒకటి మోస్తూ, మూడో వరసలో వచ్చి కూర్చోవాల్సి వచ్చింది. ఆమె లేకపోతే ఆ పేపరు అచ్చయ్యేది, మూడు కాపీల చోట మూడు వందలు తిరిగేవి. సదస్సు వల్ల చాకలి ఆమె గింజలు పోయాయని కూడా అనవచ్చు, నేను కాదనను. నలభై కాపీలు పంచకుండా, ముందు ఆ ఒక్కామెకు చూపించి ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ ఆ ఒక్కరు ఎవరో ముందు తెలియదు గదా. పోతేనే తెలుస్తుంది.

నేను లెక్చరర్‌గా చేరిన చాలా ఏళ్లకు, చాకలి ఆమె పోయిందని తెలిసింది. కోరుట్లలో బిడ్డ ఇంటికి వెళ్లాను. బిడ్డ నన్ను గుర్తుపట్టలేదు. అవ్వ దగ్గర ముచ్చట్లు రాసుకునేవాణ్ణని చెబితే కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. ఏమైందని అడిగాను.

"జరం వచ్చింది సారూ. వారం దినాలు మంచంల పండుకుంది, పోయింది."

"జ్వరమేనా?"

"జరమే."

దవాఖానలో కూడా అదే చెప్పారా అని అడిగాను. వేరే ఏమీ కాదు గదా అని మళ్లీ అడిగాను. ఆమె చేతిలో చెంబు అట్లాగే పట్టుకుని నా ముఖంలోకి చూసింది.

"మరి దేంతోని పోయిందనుకున్నవు సారూ?" అంది.